ఊరు విడవని శాస్త్రవేత్త పాల్ సబాటియర్

పొద్దున్నే నల్లాల దగ్గర క్యూలో నిలబడడం మన హాస్టల్లో అందరికీ అలవాటే. బ్రష్ నోట్లో పెట్టుకొని వంతు కోసం ఎదురుచూస్తూ చేతిలోని పేస్టు ట్యూబు మీది అక్షరాలు చదవడం మాలో కొందరికి ఇంకో అలవాటు. అలా చదువుతుంటే ఒకరోజు సార్బిటాల్ అనే మాట కనబడింది. ఆ వారమే దగ్గు మందు సీసా మీద కూడా అదే మాట చూశాం. ఇదేమిటని కెమిస్ట్రీ సారును అడిగాం. అది గ్లూకోజ్ నుంచి తయారయ్యే చక్కెర ఆల్కహాలు అని, ఆల్కహాలు అన్నంత మాత్రాన మత్తు పదార్థం కాదని, దాన్ని చేయడానికి నికెల్ లాంటి లోహం కావాలని సారు చెప్పారు. ఆ దారి వేసినవాళ్ల పేర్లు మన ఇంటర్ పుస్తకంలోనే ఉన్నాయని కూడా అన్నారు. పుస్తకం తీసి చూస్తే సబాటియర్–సెండరెన్స్ చర్య! రెండు మార్కుల ప్రశ్న కోసం మేము బట్టీ పట్టిన పేర్లే అవి. ఆ పేర్ల వెనుక మనుషులున్నారని, వాళ్లకూ ఒక ఊరు, ఒక ఇల్లు, కష్టాలు ఉన్నాయని మాకు అప్పటిదాకా తోచనేలేదు.

పదో తరగతి ఫలితాలు వచ్చాక మన దగ్గర ప్రతి ఏడూ ఒకే చర్చ నడుస్తుంది. పట్నం పోనివాడికి సైన్సు ఎక్కడ వస్తుంది, పెద్ద ల్యాబు లేనిచోట ఏం నేర్చుకుంటాం అని. అలా అనుకొని ఇష్టమైన గ్రూపు వదిలేసినవాళ్లు మాలోనే ఉన్నారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు సబాటియర్ జీవితాన్ని ఎంచుకున్నాం. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఓపికగా చదవాలని కోరుతున్నాం.

బాల్యం, చదువు

పాల్ సబాటియర్ 1854 నవంబరు 5న ఫ్రాన్స్ దేశపు దక్షిణ భాగంలోని కార్కసోన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. పాత కోట గోడలకు పేరుపడిన ఊరది. తల్లిదండ్రులు టోపీల దుకాణం నడిపి పిల్లల్ని పెంచారు. ఆయన అక్క తానే లాటిన్, గణితం నేర్చుకొని తమ్ముడి చదువుకు తోడుపడిందని చరిత్రకారులు చెబుతారు. ఈ మాట చదివినప్పుడు మాలో చాలామందికి ఇంటి దగ్గర ఉన్న అక్కలు గుర్తొచ్చారు. తాము బడి మానేసి మనల్ని బడికి పంపిన అక్కలు మన హాస్టల్లో ఎంతమందికి లేరు?

కార్కసోన్‌లోనూ, తర్వాత టులూజ్ నగరంలోనూ చదివి, 1874లో ఆయన పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో సీటు సంపాదించారు. దేశమంతటి నుంచి పోటీ పరీక్ష రాసి చేరే పేరున్న విద్యాసంస్థ అది. 1877లో అక్కడ చదువు ముగించారు. నీమ్ పట్టణంలో ఒక ఏడాది బడిపంతులుగా పనిచేశాక మళ్లీ పారిస్ వెళ్లి, ఆనాటి మహా రసాయనవేత్త బెర్తెలో దగ్గర సహాయకుడిగా చేరారు. లోహాల సల్ఫైడుల మీద పరిశోధన చేసి 1880లో డాక్టరేట్ పొందారు.

ఆ కాలంలో ఫ్రాన్స్‌లో సైన్సు అంటే పారిస్సే. పెద్ద పదవులు, మంచి ప్రయోగశాలలు, బహుమతులు అన్నీ అక్కడే. సబాటియర్ మాత్రం బోర్డోలో కొంతకాలం పనిచేసి, 1882లో టులూజ్ విశ్వవిద్యాలయానికి వచ్చేశారు. 1884లో అక్కడే రసాయనశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 30 ఏళ్లు. అదే ఏడు పెళ్లి జరిగింది. నలుగురు ఆడపిల్లలు పుట్టారు. ఆ తర్వాత ఆయన టులూజ్‌ను విడిచి వెళ్లలేదు.

ఇతరులు వదిలేసిన ప్రశ్న

1890లో ఇంగ్లండులో లుడ్విగ్ మాండ్, ఆయన తోటివాళ్లు ఒక వింత విషయం కనిపెట్టారు. నికెల్ గట్టి లోహం కదా. దాని మీదుగా కార్బన్ మోనాక్సైడ్ వాయువు పోనిస్తే రెండూ కలిసి సులభంగా ఆవిరయ్యే పదార్థంగా మారాయి. ఈ వార్త సబాటియర్‌ను ఆలోచనలో పడేసింది. ఒక వాయువుతో లోహం ఇలా జత కట్టగలిగితే మిగతా వాయువులతో ఎందుకు కట్టకూడదు? ఆయన జాన్ బాప్టిస్ట్ సెండరెన్స్‌తో కలిసి ఈ ప్రశ్న మీద పని మొదలుపెట్టారు. సెండరెన్స్ ఒక క్రైస్తవ మతాచార్యుడు, రసాయనశాస్త్రం బోధించేవారు. మొదట నత్రజని ఆక్సైడ్లను లోహపు పొడుల మీదుగా పంపి చూశారు.

1896లో పారిస్‌లో మ్వాసాన్, మురో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అప్పుడే తయారు చేసిన నికెల్ పొడి మీదుగా అసిటిలీన్ వాయువు పంపారు. పొడి ఎర్రగా మండింది. కొంత బొగ్గు, కొంత హైడ్రోజన్, కొన్ని ద్రవాలు వచ్చాయి. లోహం గుల్లగా ఉండడం వల్ల వాయువు లోపలికి ఇంకి వేడి పుట్టిందని వాళ్లు అనుకొని అక్కడితో ఆపేశారు. సబాటియర్‌కు ఆ వివరణ రుచించలేదు. ఇక్కడ లోహం ఊరికే కూర్చోలేదు, ఏదో రసాయన పని చేసింది అని ఆయనకు గట్టిగా అనిపించింది.

అయినా ఆయన వెంటనే ఆ ప్రయోగంలోకి దూకలేదు. ఆ పని కొనసాగించే ఉద్దేశం ఉందా అని ముందు మ్వాసాన్‌ను అడిగారు. లేదని తెలిశాకే తాను మొదలుపెట్టారు. ఇంకొకరి పొలం గట్టు మీద కాలు పెట్టేముందు వాళ్లను అడగడం మన ఊళ్లలో మర్యాద. ఆ మర్యాద ఆయన సైన్సులోనూ పాటించారు.

1897లో సబాటియర్, సెండరెన్స్ ఇద్దరూ ఒక గాజు గొట్టంలో మెత్తని నికెల్ పొడి పోసి, సుమారు 300 డిగ్రీల వేడిలో దాని మీదుగా ఇథిలీన్ పంపారు. బయటికి వచ్చిన వాయువును పరీక్షిస్తే అందులో ఈథేన్ ఉంది. ఇథిలీన్ కంటే ఈథేన్‌లో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎక్కువ. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? కొంత ఇథిలీన్ విరిగిపోయి హైడ్రోజన్ విడుదల చేస్తే, దాన్ని నికెల్ మిగతా ఇథిలీన్‌కు అంటించింది. అలాగైతే హైడ్రోజన్‌ను మనమే కలిపి పంపితే సరిపోతుంది కదా! అలా పంపితే ఇథిలీన్ సులభంగా ఈథేన్‌గా మారింది. నికెల్ మాత్రం నికెల్‌గానే మిగిలింది. మన పుస్తకంలోని రెండు మార్కుల ప్రశ్న పుట్టింది ఇక్కడే.

ఆ మరుసటి ఏడు, 1898లో, ఆయన భార్య చనిపోయారు. నలుగురు పిల్లల బాధ్యత తండ్రి మీద పడింది. ఆ దుఃఖంలో కూడా ప్రయోగాలు ఆగలేదు. 1901లో బెంజీన్‌ను సైక్లోహెక్సేన్‌గా మార్చారు. అంతకుముందు అది చాలా కష్టమైన పని. 1902లో కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి మీథేన్, నీరు వచ్చేలా చేశారు. దీన్నే సబాటియర్ చర్య అంటారు. వ్యోమగాములు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి మళ్లీ నీరు రాబట్టడానికి ఈ చర్య జరిపే యంత్రాన్ని 2010లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపారు. టులూజ్ గాజు గొట్టంలో పుట్టిన పని నూటికి పైగా ఏళ్ల తర్వాత ఆకాశానికి ఎక్కింది.

పెళ్లిళ్ల పేరయ్య సూత్రం

ఉత్ప్రేరకం అంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పమంటే మేము పెళ్లిళ్ల పేరయ్య కథ చెబుతాం. పేరయ్య అటువాళ్లను, ఇటువాళ్లను ఒకచోట కూర్చోబెట్టి సంబంధం కుదురుస్తాడు. పెళ్లయ్యాక సంచి భుజాన వేసుకొని ఇంకో ఇంటికి పోతాడు. నికెల్ చేసేదీ అదే. హైడ్రోజన్‌ను, రెండో పదార్థాన్ని తన మీద కూర్చోబెట్టి కలుపుతుంది. కలిశాక రెండింటినీ వదిలేస్తుంది.

దీని మీద సబాటియర్ చెప్పిన వివరణ ఇప్పటికీ ఈ శాస్త్రానికి పునాది. లోహపు పైభాగంలో ఆ పదార్థాలతో ఒక తాత్కాలిక బంధం ఏర్పడుతుంది. ఆ బంధం మరీ బలహీనంగా ఉంటే పదార్థం లోహం మీద నిలవదు. మరీ గట్టిగా ఉంటే వదిలిపోదు, తర్వాత వచ్చేవాటికి చోటుండదు. మధ్యస్థంగా ఉండాలి. పేరయ్య గడప దాటి లోపలికే రాకపోతే సంబంధం కుదరదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లోనే తిష్ఠ వేస్తే ఇంకో పెళ్లి జరగదు. గంధకం లాంటి పదార్థాలు కొద్దిగా కలిసినా నికెల్ పనిచేయడం మానేస్తుందని కూడా ఆయన గమనించారు. అవి లోహాన్ని పట్టుకొని వదలవు మరి.

బహుమతి, పారిస్ పిలుపు

1907లో పారిస్ నుంచి పిలుపు వచ్చింది. మ్వాసాన్, బెర్తెలో ఇద్దరూ చనిపోవడంతో ఖాళీ అయిన పెద్ద పీఠాలు ఆయన కోసం ఎదురుచూశాయి. ఒకప్పుడు తాను సహాయకుడిగా నిలబడ్డ గురువు స్థానమే అది. ఎవరైనా ఎగిరి గంతేసే అవకాశం. సబాటియర్ వద్దన్నారు. అప్పటికే 1905 నుంచి ఆయన టులూజ్‌లో సైన్సు విభాగానికి డీన్. అక్కడే రసాయనశాస్త్రం, విద్యుత్ సాంకేతికం, వ్యవసాయం బోధించే సంస్థలు 1906, 1907, 1909 సంవత్సరాల్లో ఒకటొకటిగా నిలబడేలా చేశారు. తాను పట్నం పోవడం కంటే పట్నంలో దొరికే చదువు తన ఊరికి రావడం ముఖ్యమని ఆయన చేసిన పనే చెబుతోంది.

1912లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని సబాటియర్, విక్టర్ గ్రిన్యార్ పంచుకున్నారు. గ్రిన్యార్ కూడా పారిస్‌వాడు కాదు. ఫ్రెంచి సైన్సు అకాడమీలో పూర్తి సభ్యుడు కావాలంటే పారిస్‌లో కాపురం ఉండాలన్న నియమం అప్పటికింకా ఉంది. 1913లో బయటి ఊళ్లవాళ్ల కోసం ప్రత్యేక స్థానాలు ఏర్పాటు చేసి, అందులో మొదట సబాటియర్‌నే ఎన్నుకున్నారు. నియమం కోసం ఆయన ఊరు మారలేదు. ఆయన కోసమే నియమం మారింది అనిపిస్తుంది మాకు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మొదటి ప్రయోగాల్లో పక్కనే నిలబడి పనిచేసిన సెండరెన్స్‌కు నోబెల్‌లో వాటా రాలేదు. ఇది మాకు నచ్చలేదు. సంక్రాంతి ముగ్గుల పోటీలో కలిసి ముగ్గు వేస్తే ఒకరికే బహుమతి ఇచ్చినట్టుంది. కానీ మన ఇంటర్ పుస్తకం మాత్రం ఆ చర్యకు ఇద్దరి పేర్లూ పెట్టింది. బహుమతి మరిచినవాడిని పాఠం మరవలేదు.

తన పని పరిశ్రమల్లోకి వెళ్లినప్పుడు మంచీ చెడూ రెండూ జరిగాయి. 1902లో జర్మనీకి చెందిన నార్మన్ అదే నికెల్‌తో ద్రవ నూనెలను గడ్డకట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మన పెళ్లి భోజనాల్లో మిఠాయిలకు వాడిన వనస్పతి ఆ దారిలో వచ్చిందే. అయితే నూనెకు హైడ్రోజన్ సగం సగం కలిస్తే ట్రాన్స్ కొవ్వులు పుడతాయని, అవి గుండెకు కీడు చేస్తాయని తర్వాత తెలిసింది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వాటిని 2 శాతానికి మించనివ్వకూడదని నియమం వచ్చింది. ఒక కొత్త విషయం కనుక్కోవడం ఒక ఎత్తయితే, దాన్ని ఎలా వాడాలో తెలుసుకోవడం ఇంకో ఎత్తు.

చక్కెర దాకా

మరి మన పేస్టు ట్యూబులోని సార్బిటాల్ సంగతేమిటి? దాన్ని 1872లోనే బుసాంగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రోవన్ చెట్టు పండ్లలో కనిపెట్టారు. గ్లూకోజ్ అణువులో ఆరు కార్బన్లుంటాయి. ఒక కొనలో ఆల్డిహైడ్ సమూహం ఉంటుంది. దానికి రెండు హైడ్రోజన్ పరమాణువులు చేరిస్తే సార్బిటాల్. అంటే ఇథిలీన్‌కు చేసినట్టే గ్లూకోజ్‌కూ చేయాలి. కానీ ఒక చిక్కుంది. సబాటియర్ పద్ధతిలో పదార్థం ఆవిరిగా మారి నికెల్ మీదుగా పోవాలి. చక్కెరను వేడి చేస్తే ఆవిరి కాదు, మాడిపోతుంది. మన వంటవాళ్లు పాకం ముదరబెట్టినప్పుడు చూస్తూనే ఉంటాం.

అందుకని చక్కెరను నీళ్లలో కరిగించి, ఆ ద్రావణంలోకే హైడ్రోజన్‌ను గట్టి పీడనంతో ఎక్కించాలి. అధిక పీడనపు పనికి రష్యాకు చెందిన ఇపాటియెఫ్ దారి వేశారు. 1920లలో అమెరికాలో మర్రే రేనీ నికెల్, అల్యూమినియం కలిపిన ముద్ద నుంచి అల్యూమినియాన్ని క్షారంతో కరిగించి తీసేసి, స్పంజీలా గుల్లగా ఉండే నికెల్ తయారు చేశారు. పరిశ్రమల్లో సార్బిటాల్ తయారీకి ఈ నికెల్ చాలా వాడారు. సార్బిటాల్ తీపి పంచదార తీపిలో సుమారు 60 శాతం. నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని త్వరగా పులియబెట్టలేవు కాబట్టి పళ్లకు మేలు. విటమిన్ సి తయారీకి 1930లలో రైఖ్‌స్టైన్ కనిపెట్టిన పద్ధతిలో మొదటి మెట్టు కూడా గ్లూకోజ్ నుంచి సార్బిటాల్ చేయడమే.

నికెల్‌తో మరో ఇబ్బంది ఉంది. అది కొంచెం కొంచెంగా ద్రావణంలోకి కరుగుతుంది. తినే పదార్థంలో నికెల్ మిగలకూడదు కనుక మళ్లీ శుద్ధి చేయాలి. పైగా లోహం ముద్దగా ఉంటే పైభాగమే పనిచేస్తుంది. కళ్లంలో వడ్లు కుప్ప పోస్తే పైగింజలకే ఎండ తగులుతుంది, పలచగా పరిస్తే అన్నిటికీ తగులుతుంది. లోహాన్ని అలా పరచడానికి పనికొచ్చే వాటిలో ఒకటి జియోలైట్. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌తో కట్టుకున్న ఖనిజం అది. లోపలంతా చిన్న చిన్న గదులు, ఇరుకు ద్వారాలు. వై రకం జియోలైట్‌లో ద్వారం వెడల్పు సుమారు 0.74 నానోమీటర్లు. ఆ గదుల్లో ఉండే సోడియం అయాన్లను తీసి నికెల్ లేదా రుథేనియం అయాన్లను కూర్చోబెట్టి, హైడ్రోజన్‌తో వేడి చేస్తే చాలా సన్నని లోహపు రేణువులు ఏర్పడతాయి.

ఇంకో లాభం కూడా ఉంది. జియోలైట్‌కు ఆమ్ల గుణం కల్పించవచ్చు. ఆమ్లం పిండి పదార్థాన్ని గ్లూకోజ్ ముక్కలుగా విడగొడుతుంది. పక్కనే ఉన్న లోహం ఆ గ్లూకోజ్‌ను సార్బిటాల్‌గా మారుస్తుంది. ఒకే పాత్రలో రెండు పనులు! అయితే పిండి అణువులు పెద్దవి, ఇరుకు ద్వారాల్లో దూరలేవు. వేడి నీళ్లలో కొన్ని జియోలైట్లు క్రమంగా చెడిపోతాయి కూడా. ఈ చిక్కులు విప్పడానికే పరిశోధనలు సాగుతున్నాయి. 2006లో జపాన్‌లో ఫుకువోకా, మన దేశానికి చెందిన ధేపే కలిసి, తినడానికి పనికిరాని సెల్యులోజ్‌నే ఘన ఉత్ప్రేరకంతో చక్కెర ఆల్కహాలుగా మార్చి చూపారు. మొక్కజొన్న బెండ్లలో ఉండే జైలోజ్ అనే చక్కెర నుంచి జైలిటాల్ కూడా ఇదే తీరున వస్తుంది. మనం చేనులో కాల్చేసే బెండ్లలో, వరిగడ్డిలో, చెరకు పిప్పిలో ఇంత సరుకు దాగి ఉంది. మన హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీలోనూ ఉత్ప్రేరకాల మీద పరిశోధన జరుగుతోంది.

ఇంకో ముచ్చట. 1751లో నికెల్‌ను కనుక్కున్నదీ, 1756లో జియోలైట్ అని పేరు పెట్టిందీ ఒక్కడే, స్వీడన్‌కు చెందిన క్రాన్‌స్టెట్. ఆ రెండూ కలిసి ఒక పాత్రలో చక్కెరను మారుస్తాయని ఆయనకు తెలియదు. గొట్టంలో ఇథిలీన్ పంపిన సబాటియర్‌కూ తెలియదు. ఒకరు వేసిన విత్తనం ఇంకొకరి కాలంలో కాపుకు వస్తుంది.

చివరి రోజులు

సబాటియర్ మితభాషి. తోటపని అంటే, కళలంటే ఇష్టం. 1913లో సేంద్రియ రసాయనంలో ఉత్ప్రేరణ మీద పెద్ద పుస్తకం రాశారు. 1929 దాకా డీన్‌గా ఉన్నారు. పదవి దిగాక కూడా పాఠాలు చెప్పడం మానలేదు. 1941 ఆగస్టు 14న, 86 ఏళ్ల వయస్సులో, టులూజ్‌లోనే కన్నుమూశారు. 1969లో ఆ ఊళ్లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. దశాబ్దాల పాటు వేలమంది విద్యార్థులు ఆ పేరున్న పట్టాలు అందుకున్నారు.

పట్నం పోవద్దని మేము చెప్పడం లేదు. సబాటియర్ కూడా పారిస్ వెళ్లే చదువుకున్నారు. మనలో వెళ్లగలిగినవాళ్లు తప్పక వెళ్లాలి. కానీ వెళ్లలేకపోతే చదువు ముగిసిపోయినట్టు కాదు. పారిస్‌లోని పెద్ద ప్రయోగశాల చూసి వదిలేసిన మంటను, టులూజ్‌లోని ఒక గాజు గొట్టం పట్టుకుంది. మన ల్యాబులో బీకర్లు తక్కువే, నికెల్ పొడి అసలే లేదు. ప్రశ్న అడగడానికి మాత్రం బీకరు అక్కర్లేదు. రేపు పొద్దున నల్లా దగ్గర క్యూలో నిలబడ్డప్పుడు తమ్ముళ్లూ చెల్లెళ్లూ చేతిలోని ట్యూబు మీది అక్షరాలు ఒకసారి చదవండి. అర్థంకాని మాట ఒకటి కనబడితే సారును అడగండి. మేము అడిగింది అంతే.